పది రూపాయల రసీదు

ఈ మధ్య ఊళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. కరీంనగర్ నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు, మొన్న భివండి నుంచి ఒకరు. అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, సూరత్‌లో మీ వాళ్లకు గ్రాంట్ వచ్చిందట గదా, ఎట్ల తెచ్చిన్రు?" ఏయే కాగితాలు కావాలో ఫోన్లో చెప్తాను. కానీ అది సగం జవాబే. మిగతా సగం చెప్పడానికి ఫోను చాలదు. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గు కూడా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది చెన్నూరు దగ్గర పల్లె. నేతకానివాళ్లం. మా తాత గుంట మగ్గం మీద ముతక బట్ట నేసేవాడు. మా నాయన మగ్గం వదిలి కూలికి పోయాడు. నేను పందొమ్మిదేళ్లప్పుడు వరంగల్‌లో మేనమామతో కలిసి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ వచ్చాను. అప్పటి నుంచి బమ్రోలిలోనే. ఇక్కడ మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. మనం సాంచెలంటాం. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కూలి మీటరు లెక్కన. ఖాతాలో పక్కవాడి మాట వినపడదు. సైగలతోనే పని. ఇంటికొచ్చినా చాలాసేపు చెవుల్లో ఆ మోతే.

పక్కనే పాండెసరా పారిశ్రామికవాడ. మా గల్లీలో ఒడియా వాళ్లు, యూపీ వాళ్లు, బీహారీలు, ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, మేము. ఎవరి గదికి వాళ్లు చేరి తలుపు వేసుకుంటే మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. ఇక్కడ మాకు ఊరు లేదు, వాడ లేదు. కాగితాల మీద మేమెవరమో కూడా తేలదు. 1990లో బౌద్ధం తీసుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉంటుందని పార్లమెంటు చట్టం చేసింది. సంతోషం. అదే ఏడాది మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలోని హోదా వలసపోయిన రాష్ట్రంలో రిజర్వేషన్ ఇప్పించదని తేల్చింది. ఆయన పుట్టింది తెనాలిలో, సీటు అడిగింది బొంబాయిలో. మా పిల్లల సంగతీ అంతే. చెన్నూరులో ఒకటి, సూరత్‌లో ఇంకొకటి.

ఇట్లాంటి చోట 2015లో, ఏప్రిల్ 14 దాటిన తర్వాతి ఆదివారం, ఒక డాబా మీద పదకొండు ఇళ్లవాళ్లం కూర్చున్నాం. పంచశీల చదువుకున్నాం. పిల్లల చదువు గురించి మాట్లాడుకున్నాం. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడులను ఏడు భాషల్లో నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. అది మేలే. కానీ మా గల్లీ పిల్లల్లో కొందరు తెలుగు బడి, కొందరు హిందీ, కొందరు గుజరాతీ. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేరు. సాయంత్రం ఒకచోట కూర్చోబెట్టి చదివిద్దామనుకున్నాం. వారానికి ఇంటికి పది రూపాయలు వేసుకుందామన్నది అవ్వ.

అవ్వ అంటే మా గల్లీలో అందరికీ అవ్వే. కొడుకుతో వచ్చింది. కొడుకు పోయాడు, కోడలితో ఉంటోంది. ఇంట్లో చీరలకు లేసులు కుట్టి పూటకింత సంపాదిస్తుంది. ఆమె ఒక షరతు పెట్టింది. "పైసలు తీసుకుంటే చీటీ రాసియ్యాలె. చీటీ లేకుంట నేనియ్య." అట్లా రసీదు పుస్తకం వచ్చింది. మొదటి రసీదు అవ్వదే.

రెండేళ్లలో ముప్పై నాలుగు ఇళ్లయ్యాయి. నేతకాని, మాల, మాదిగ ఇళ్లు, రెండు పద్మశాలి ఇళ్లు కూడా. నెలకు పదమూడు వందల అరవై. మరాఠీ బౌద్ధులు ఒక గది తీసుకుని ఆదివారం వందన జరుపుకునేవాళ్లు. దాని అద్దె ఇరవై రెండు వందలు. సగం మేమిచ్చి ఆ గదిలో చేరాం. మా వాటా పదకొండు వందలు పోగా మిగిలేది రెండు వందల అరవై. సుద్దముక్కలు, నోటు పుస్తకాలు, ఒక ట్యూబులైటు. ఏమన్నా మిగిలితే రేకు డబ్బాలో వేసేవాళ్లం. పండుగలకు ఇచ్చిన విరాళాలు కూడా అందులోకే. 2017లో ఒక ఖాతాలో కరెంటు షాకుతో మా కుర్రాడొకడు పోతే, శవాన్ని ఊరికి పంపే బండికి మొదటి మూడు వేలు గంటలోపల ఆ డబ్బాలోంచే తీశాం. మిగతాది ఆ రాత్రి గల్లీ అంతా తిరిగి పోగు చేశాం. అన్ని భాషలవాళ్లూ ఇచ్చారు.

ఇంటర్ పాసైన ఒక కుర్రాడు సాయంత్రాలు ఉచితంగా చదువు చెప్పేవాడు. అతనికి పాళీ పడిన వారం ఒక కోడలుపిల్ల చెప్పేది. అంతా గీసి గీసి నడిచేది, కానీ నడిచేది.

అప్పుడు నాకు గ్రాంట్ ఆశ పుట్టింది. ఆశ పుట్టడం తప్పని ఇప్పటికీ అనను. ఇరవై ఆరు మంది పిల్లలు పది అడుగుల గదిలో కూర్చుంటే ఎవరికైనా పుడుతుంది.

చూస్తే తలుపులు చాలానే ఉన్నాయి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి ఉంది. 1993లో మొదలైంది, ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం షెడ్యూల్డ్ కులాలు నివసించే చోట్ల పనులకు పోవాలి. కానీ అది కట్టడాలకు, మన్నే ఆస్తులకు. గుడికీ మసీదుకీ ఎట్లా కుదరదో విహారానికీ అట్లాగే కుదరదు. పఠనశాలకైతే అడగవచ్చు. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. చదువు, ఆరోగ్యం, తాగునీరు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ తలుపులు తెరుచుకోవాలంటే ముందు మనం కాగితం మీద పుట్టాలి. సంఘం రిజిస్టర్ కావాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. పాన్ కార్డు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్, ఆదాయపు పన్ను వాళ్ల 12ఏ, 80జీ. 2018లో మేం రిజిస్టర్ అయ్యాం. ఏడు సంతకాలూ మగవాళ్లవే. అప్పుడు అది ఎవరికీ తట్టలేదు. నిజానికి తట్టినవాళ్లున్నారు, మేం అడగలేదు.

మరుసటి ఏడాది ఒక పెద్ద సంస్థ మమ్మల్ని తన పథకంలో చేర్చుకుంది. పేరు రాయను. వాళ్లు దొంగలు కారు, మోసం చేయలేదు. కంపెనీ డబ్బు వాళ్లకు వస్తుంది, వాళ్లు మాలాంటి చిన్నవాళ్లకు పంచుతారు. 2019 జూన్ నుంచి పదకొండు నెలలకు రెండు లక్షల పదివేలు. పిల్లలకు ట్యాబ్‌లు, గురువుకు నెలకు ఆరు వేలు, గది అద్దె నాలుగు వేలు. దరఖాస్తులో "లబ్ధిదారుల సంఖ్య" అనే గడి ఉంది. మా పిల్లలు ఇరవై ఆరు. యాభైకి తక్కువైతే చూడరని ఎవరో చెప్పారు. నేను అరవై అని రాశాను.

పొద్దున పంచశీల చదివి సాయంత్రం ఆ అంకె రాశాను. నాలుగో శీలం ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. సంఘం కోసమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ మాట అనుకుంటూనే మనం చాలా పనులు చేస్తాం.

డబ్బు వచ్చింది. నాలుగు వేల గదికి మారాం. మరాఠీ మిత్రుల నుంచి విడిపోయాం. వాళ్లు ఏమీ అనలేదు, "జై భీమ్" అని సామాను మోయడానికి సాయం కూడా వచ్చారు. కానీ మా వాటా పదకొండు వందలు పోవడంతో వాళ్ల గది వాళ్లకు బరువైంది. కొన్ని నెలలకు ఖాళీ చేశారు. సంస్థ వాళ్లు ఒక ఫ్లెక్సీ పంపారు, ఫొటోల్లో అది కనపడాలన్నారు. మా గదిలో వెలుతురు పడే గోడ ఒక్కటే. బాబాసాహెబ్ పటం ఆ గోడకే ఉంది. పటం తీసి అలమర మీద పెట్టి ఫ్లెక్సీ కట్టాం. పటం తీయమని ఎవరూ చెప్పలేదు. మా చేతులతో మేమే తీశాం.

అద్దె వస్తోంది, జీతం వస్తోంది, ఇంక పది రూపాయలు ఎందుకని జూన్ మొదటి ఆదివారం నేనే చెప్పాను. పేదవాళ్ల మీద భారం తగ్గిస్తున్నానని గర్వంగా కూడా ఉంది. అందరూ సరే అన్నారు. అవ్వ మాత్రం కొంగుముడి విప్పి నోటు చాచింది. "వద్దవ్వా, ఇప్పుడు మనకు గ్రాంట్ ఉంది," అన్నాను. ఆమె నోటును మళ్లీ ముడేసుకుని కూర్చుంది.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. ఉచితంగా చెప్పే కుర్రాడికి ఇప్పుడు ఆరు వేలు. తప్పేమీ లేదు, అతని కష్టం అంతకన్నా ఎక్కువే. కానీ పాళీ వారం వచ్చినప్పుడు కోడలుపిల్ల రాలేదు. "జీతం ఆయనకు, పని నాకా?" అంది. అదీ తప్పు కాదు. మూలకున్న ట్యూబులైటు కాలిపోతే వారం దాకా ఎవరూ మార్చలేదు. ఇదివరకైతే ఎవరో ఒకరు బిగించి "రేపు లెక్కలో రాయి" అనేవారు. ఇప్పుడు "గ్రాంట్‌లో లేదా?" అంటున్నారు. నెలనెలా లెక్క చదివి వినిపించడం ఆగిపోయింది. తమ పైసలు లేని లెక్క వినడానికి ఎవరు కూర్చుంటారు? లెక్క వినకపోతే అనుమానం పుడుతుంది. ట్యాబ్‌ల మీద కమీషన్ తిన్నానని నా గురించి ఒక మాట పుట్టింది. నేను తినలేదు. కానీ అరవై అని రాసినవాణ్ణి, గట్టిగా కాదనడానికి గొంతు రాలేదు. ఆదివారం వందనకు నలభై మంది కూర్చునే చోట పన్నెండు మంది కూర్చుంటున్నారు.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. సాంచెలు ఆగాయి. అన్నేళ్లలో బమ్రోలిలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. పది రోజులకే ఇళ్లలో బియ్యం అడుగంటాయి. ఏప్రిల్‌లో సూరత్ కార్మికులు అన్నం పెట్టండి, ఊరికి పంపండి అని వీధుల్లోకి వచ్చిన సంగతి దేశమంతా చూసింది. అందులో మేమూ ఉన్నాం.

మా సంఘం ఖాతాలో అప్పుడు ముప్పై ఎనిమిది వేలున్నాయి. బియ్యం కొందామని సంస్థకు ఫోన్ చేశాను. ఆ డబ్బు డిజిటల్ విద్య పద్దు కింద వచ్చింది, వేరే దానికి వాడటానికి పైనుంచి అనుమతి రావాలి, ఆఫీసులు మూసి ఉన్నాయి, మెయిల్ పెట్టండి అన్నారు. పెట్టాను. వాళ్ల నియమం వాళ్లది, వాళ్లూ ఇంకొకరికి లెక్క చెప్పాలి. అలమరలో అయిదు ట్యాబ్‌లు, బ్యాంకులో ముప్పై ఎనిమిది వేలు, గల్లీలో ఆకలి. రేకు డబ్బా తెరిచి చూశాను. తొమ్మిది నెలలుగా అందులో ఎవరూ ఏమీ వేయలేదు. డెబ్బై రూపాయల చిల్లర ఉంది.

మొదట ఆదుకున్నది మరాఠీ మిత్రులే. మేం గది విడిచి వచ్చిన ఆ మిత్రులే పదిహేను కిలోల గోధుమపిండి మోసుకొచ్చారు. ఆ సాయంత్రమే అవ్వ వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా. మూత తీసి చాప మీద కుమ్మరించింది. అన్నీ పది రూపాయల నోట్లు, నాణేలు.

"లెక్కపెట్టు. నలబై మూడు ఐతవారాలు. రెండు వారాలు ఊరికి పోయిన. నాలుగు వందల పది ఉండాలె."

నాలుగు వందల పదే ఉన్నాయి. నాకు మాట రాలేదు.

"చీటీ రాయి," అంది. రాస్తుంటే నెమ్మదిగా అంది: "బిడ్డా, ఆ దినం నువ్వు నా పది రూపాయలు వద్దంటివి. పైసలు వద్దన్నవనుకున్నవు. నాకైతే నన్నే వద్దన్నట్టు కొట్టింది."

నాలుగు వందల పదికి ఆనాడు పది కిలోల బియ్యం వచ్చాయి. అదేమంత లెక్క కాదు. కానీ అవ్వ ఇచ్చిందన్న కబురు గల్లీలో తిరిగింది. ఖాతా మూతపడ్డ ఇళ్లవాళ్లు కూడా యాభై, వంద తెచ్చారు. కిరాణావాడు అరువిచ్చాడు, ఎందుకంటే పాత రసీదు పుస్తకాలు చూశాడు. మూడు వారాలు ముప్పై నాలుగు ఇళ్లకూ, పక్కనున్న ఆరు ఒడియా గదులకూ సరిపడా వండాం. నా మెయిల్‌కు జవాబు జూన్‌లో వచ్చింది, అనుమతిస్తున్నామని.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను రెండో కొసకు పోయాను. గ్రాంట్ అంటేనే విషం, ఎవరి దగ్గరా చేయి చాపొద్దు అని వాదించేవాణ్ణి. బాబాసాహెబ్ జీవితం మళ్లీ చదివితే ఆ వాదం నిలవలేదు.

ఇక్కడి నుంచి రైల్లో రెండు గంటల దూరంలో వడోదర ఉంది. 1913లో బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే బాబాసాహెబ్ కొలంబియా వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. దానికీ షరతు ఉంది: తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. ఆయన ఒప్పుకుని సంతకం చేశారు. 1917లో మాట నిలబెట్టుకోవడానికి వచ్చారు. ఆ నగరంలో ఆయనకు ఎవరూ గది అద్దెకివ్వలేదు. పార్సీల బసలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. నగరం విడిచిపోతూ ఆయన చెట్టు కింద కూర్చున్న చోటని చెప్పుకునేదే నేటి సంకల్పభూమి. నేను అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించాను. రాజు డబ్బు ఆయనకు లోకంలోని గొప్ప చదువు ఇచ్చింది. అదే రాజు నగరంలో ఒక గది ఇప్పించలేకపోయింది. ఫీజు గ్రాంట్ కడుతుంది. ఇరుగుపొరుగును గ్రాంట్ కట్టలేదు. అది మనుషులు కూర్చుని కట్టుకోవాల్సిందే.

ఆయన ఆ పనీ చేశారు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టారు, మరుసటి ఏడాది షోలాపూర్‌లో విద్యార్థి వసతిగృహం తెరిచారు. అడగాల్సిన చోట అడగడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. 1956 సెప్టెంబర్‌లో, 'బుద్ధుడు - ఆయన ధమ్మం' అచ్చుకు సిద్ధమైనప్పుడు, ఓ 500 ప్రతులు ప్రభుత్వం కొనాలని నెహ్రూకు ఉత్తరం రాశారు. 2500వ బుద్ధ జయంతికి పుస్తకాల కోసం కేటాయించిన సొమ్ము అయిపోయిందని, ఉత్తరాన్ని ఉత్సవ కమిటీ అధ్యక్షుడు రాధాకృష్ణన్‌కు పంపుతున్నానని నెహ్రూ జవాబిచ్చారు. ఇంకో నెలకు నాగపూర్ దీక్ష, ఆ డిసెంబర్‌లో పరినిర్వాణం. పుస్తకం ఆగలేదు. 1957లో వచ్చింది. అడిగారు, ఇవ్వలేదు, పని సాగింది. అడగడం తప్పు కాదని నాకు తెలిసింది అక్కడే. మా తప్పు పనిని గ్రాంట్‌కు కట్టేయడం.

2021 చలికాలంలో మరాఠీ మిత్రులతో కలిసి నాసిక్ త్రిరశ్మి గుహలకు వెళ్లాం. అప్పటికి మళ్లీ ఒకే గదిలోకి చేరాం. పదో గుహ వరండాలో బ్రాహ్మీ రాతలున్నాయి. మాతో వచ్చిన ఒక మిత్రుడు పాళి చదువుకున్నాడు. ఆయన చెప్తుంటే నేను నేతగాణ్ణి కాబట్టి చెవులు నిక్కబొడుచుకున్నాయి. దాదాపు 1900 ఏళ్ల కిందట, క్షహరాత క్షత్రపుడు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు ఆ గుహను భిక్ఖు సంఘానికి దానం చేశాడు. అదే వరండాలోని మరో రాత ప్రకారం మా తాపీ నది మీద జనానికి సుంకం లేని పడవలు కూడా నడిపించాడు. బ్రాహ్మణులకు ఇచ్చిన ఆవులు, ఊళ్ల లెక్క కూడా అక్కడే ఉంది. రాజుల దానాలు అన్ని వైపులకూ పోతాయి.

నన్ను పట్టుకున్నది గుహ కాదు, దానితో పాటు ఇచ్చిన నిధి. మూడు వేల కార్షాపణాలు. వాటిని భిక్ఖువుల చేతికి ఇవ్వలేదు. గోవర్ధనంలో ఉన్న సాలెవాళ్ల శ్రేణుల దగ్గర పెట్టాడు. ఒక శ్రేణి దగ్గర రెండు వేలు, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర వెయ్యి, నూటికి ముప్పాతిక. అసలు తిరిగి ఇవ్వనక్కర్లేదు, వడ్డీ మాత్రమే వాడాలి. దాన్ని అక్షయనీవి అన్నారు. రెండు వేలకు ఏడాది వడ్డీ 240. గుహలో వర్షావాసం ఉండే ఇరవై మంది భిక్ఖువులకు ఒక్కొక్కరికి చీవరానికి 12 చొప్పున సరిగ్గా 240. వెయ్యికి వచ్చే 90 చిల్లర ఖర్చులకు. ఈ ఏర్పాటంతా నగర సభలో చదివి వినిపించి, పలకల మీద రాయించారని కూడా ఆ రాతలోనే ఉంది.

నేను అక్కడే వేళ్ల మీద లెక్క వేసుకుని చూశాను. సరిపోయింది. రాజు అల్లుడు నమ్మి డబ్బు పెట్టింది నేతవాళ్ల దగ్గర. ఎందుకంటే వాళ్లకు అప్పటికే ఒక శ్రేణి ఉంది, ఒక లెక్క ఉంది, నలుగురిలో ఒక మాట ఉంది. లేనిచోట ఆ డబ్బు పెడితే ఒక్క వర్షాకాలం కూడా నిలిచేది కాదు. దానం వచ్చి శ్రేణిని పుట్టించలేదు. శ్రేణి ఉంది కనుక దానం నిలబడింది.

మన దగ్గరా ఆనవాళ్లున్నాయి. అమరావతి స్తూపం రాజులు మాత్రమే కట్టింది కాదు. అక్కడి రాళ్ల మీద ఇళ్లవాళ్ల పేర్లు, భిక్ఖునుల పేర్లు, వర్తకుల పేర్లు ఉన్నాయి. విధికుడు అనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక పలకను దానమిచ్చాడు. పేరు రాశారు, వృత్తి రాశారు, ఇంటిల్లిపాదినీ రాశారు. నాకిప్పుడు అది ఒక రసీదులాగా కనపడుతుంది. అవ్వ అడిగింది అదే. పది రూపాయలకు విలువ ఉందా అని కాదు, తన పేరు ఆ రాతలో ఉందా అని.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో చెప్పి ముగిస్తాను. అడిగేవాళ్లకు ఇదే నా మిగతా సగం జవాబు.

ఇంటికి వారానికి పది రూపాయలు మళ్లీ మొదలైంది. పనులు లేని వారం రూపాయి ఇచ్చినా రసీదు ఉంటుంది. ఇల్లు పెద్దదైనా, జీతం పెరిగినా పదికి మించి తీసుకోం. ఎక్కువ ఇవ్వాలనుకునేవాళ్లు రేకు డబ్బాలో వేయవచ్చు. అద్దె, కరెంటు, పిల్లల చదువు, అంటే ఏ నెలా ఆగకూడని ఖర్చులు, మా డబ్బుతోనే. గ్రాంట్ అడిగేది ఒక్కసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే వాటికే: పుస్తకాలు, అలమరలు, మంచినీళ్ల ఫిల్టరు. ఆ గ్రాంట్ రేపు ఆగినా గదికి తాళం పడదు. దాత రాతపూర్వకంగా "ఇది మూలనిధికి" అని ఇస్తే ఆ సొమ్మును ముట్టుకోం, వడ్డీయే వాడతాం. ఇప్పటికి మా అక్షయనీవి పదకొండు వేలు. నవ్వకండి. వడ్డీతో ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు వస్తాయి.

ప్రతి నెలా మొదటి ఆదివారం వందన తర్వాత లెక్క గట్టిగా చదువుతాం, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. బ్యాంకులో రెండు సంతకాలు కావాలి. అందులో ఒకటి ఆ కోడలుపిల్లది. ఇప్పుడు కార్యవర్గంలో నలుగురు ఆడవాళ్లున్నారు. బాబాసాహెబ్ పటం కదలదు. దాతల ఫ్లెక్సీ కావాలంటే ఎదురుగోడకు కడతాం, వెలుతురు తక్కువైనా సరే.

2022లో మళ్లీ దరఖాస్తు రాశాం. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల నిధి తీసుకునే సంస్థలు సీఎస్‌ఆర్-1 ఫారం నింపాలి, మూడేళ్లు పని చేసిన రుజువు చూపాలి. మా దగ్గర ట్యాబ్‌లతో దిగిన ఫొటోలు పదకొండు నెలలవే. రసీదు పుస్తకాలు మాత్రం ఏడేళ్లవి, నడుమ ఆ తొమ్మిది నెలల ఖాళీతో సహా. ఆ ఖాళీ ఎందుకో ఒక పేజీలో రాసి జతచేశాం. లబ్ధిదారుల గడిలో ఇరవై ఏడు అని రాశాను. కింద పాత దరఖాస్తులో అరవై అని రాసింది తప్పని కూడా రాశాను. ఆ ముందే పాత సంస్థకూ అదే చెప్పి ఉత్తరం పంపాను. ఒకచోట చిన్న సంఖ్య అని తిప్పి పంపారు. ఇంకోచోట నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. లెక్క చదివే ఆదివారమే వచ్చాడు. చాప మీద చివర కూర్చున్నాడు. కరెంటు బిల్లు పదిహేను రూపాయలు ఎక్కువెందుకు వచ్చిందని ఒక అమ్మ అడిగితే పది నిమిషాలు చర్చ జరిగింది. ఆయన అంతా విని, అడిగిన నలభై ఎనిమిది వేలూ మంజూరు చేయించాడు. ఇప్పుడు మీరు వింటున్న గ్రాంట్ అదే.

మన తెలుగు బౌద్ధ సంఘాలకు డబ్బు కావాలి. పఠనశాలలు కావాలి, వసతిగృహాలు కావాలి, వలస వచ్చినవాళ్లకు తలదాచుకునే గదులు కావాలి. చట్టం ప్రకారం సమాజానికి రావలసిన డబ్బు అడగడం బిచ్చం కాదు. అడగండి, కాగితాలన్నీ సరిచూసుకుని, తలెత్తి అడగండి. కానీ దరఖాస్తు రాసే ముందు ఒక రసీదు పుస్తకం కొనండి. మొదటి రసీదు మీలో అందరికన్నా పేదవారి పేరున రాయండి. ఆ వచ్చిన పది రూపాయలను ఎన్ని లక్షలు వచ్చినా వద్దనకండి.

అవ్వకు ఇప్పుడు కళ్లు సరిగా కనపడవు, లేసులు కుట్టడం మానేసింది. కోడలు ఇచ్చే పాకెట్ డబ్బుల్లోంచి ఆదివారం నోటు తెస్తుంది. రసీదు చదవలేదు కాబట్టి నన్ను చదివి వినిపించమంటుంది. తేదీ, పేరు, పది రూపాయలు. విని మడిచి కొంగున ముడేసుకుని, అప్పుడు వందనకు కూర్చుంటుంది.

జై భీమ్. నమో బుద్ధాయ.